కానుక సంచిలో చిల్లర



యేసు ప్రభువు దేవాలయములో కానుకపెట్టె ఎదుట కూర్చుండి, జనులు అందులో డబ్బులు వేయు విధము చూచెనని మార్కు సువార్త 12వ అధ్యాయములో ఉన్నది. ఈ భాగమును మనము కానుకల ఆదివారమున ఎన్నోసార్లు విన్నాము. విధవరాలి త్యాగమును గురించి ప్రసంగాలు విన్నాము. అయితే ఒక చిన్న సంగతి దగ్గర మన మనస్సు తరచుగా ఆగదు. ఆ దినమున ధనవంతులు చాలామంది చాలా డబ్బు వేశారు. ప్రభువు శిష్యులను పిలిచి చూపించినది మాత్రం ఆ డబ్బును కాదు, చిల్లరను. ఆ దేశములో అంతకన్న చిన్నది లేని నాణెములు రెండింటిని ఆయన లెక్కపెట్టెను.

మేమిద్దరము, భార్యాభర్తలము, మా గ్రామ సంఘములో ఆదివారపు కానుకలు లెక్కపెట్టే పనిలో 1991 నుండి ఉన్నాము. ఆరాధన ముగిశాక సంచిని బల్లమీద బోర్లిస్తారు. సంఘ పెద్ద ఒకరు ఎదురుగా కూర్చుంటారు. మాలో ఒకరము నోట్లు, బిళ్ళలు వేరు చేస్తాము; ఒకరము పుస్తకములో వ్రాస్తాము. ఇది పెద్ద పరిచర్య ఏమీ కాదు. కాని ఇన్నేళ్లు అదే బల్ల దగ్గర కూర్చున్నందువలన మన దేశపు చిన్న డబ్బు రూపము ఎలా మారినదో, ఆ మార్పు బీదవారి మీద ఎలా పడినదో దగ్గరనుండి చూశాము. ఆ సంగతులే ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

నోటు పోయి బిళ్ళ వచ్చెను

మేము లెక్క మొదలుపెట్టిన రోజుల్లో సంచిలో ఎక్కువగా వచ్చేవి రూపాయి, రెండు రూపాయల నోట్లు. అయిదు రూపాయల నోటు, ట్రాక్టరుతో దున్నుతున్న రైతు బొమ్మ గలది, కొంచెం కలిగిన ఇంటి కానుక. పదులు అరుదు. ఆ చిన్న నోట్లు ఎన్ని చేతులు మారి వచ్చేవో! కొంగు ముడిలో చెమటకు తడిసినవి, బొటనవేలి గోరంత మడత పెట్టినవి, మధ్యకు చిరిగితే అన్నం మెతుకుతో అతికించినవి. ఒక్కొక్క మడత విప్పి, సరిచేసి, కట్ట కట్టేసరికి మధ్యాహ్న భోజనము వేళ దాటిపోయేది.

ప్రభుత్వము వారికి కూడా అదే ఇబ్బంది. చిన్న నోటు మార్కెట్టులో అందరికన్న ఎక్కువ తిరుగుతుంది. ఏడాది గడిచేలోగానే చాలా నోట్లు పనికిరాకుండా నలిగిపోతాయి. వాటిని వెనక్కు తీసుకొని మళ్లీ అచ్చు వేయాలి. లోహపు బిళ్ళ అయితే పదుల సంవత్సరాలు నడుస్తుంది. పైగా చిన్న నోట్ల అచ్చు ఆగితే పెద్ద నోట్ల అచ్చుకు వీలు చిక్కుతుంది. అందుచేత 1994 నవంబరులో రూపాయి నోటు, 1995 ఫిబ్రవరిలో రెండు రూపాయల నోటు, అదే సంవత్సరం నవంబరులో అయిదు రూపాయల నోటు అచ్చు ఆపివేశారు. అయిదు రూపాయల నోటు తరువాత కొంతకాలము మళ్లీ వచ్చింది. రూపాయి నోటును 2015లో మళ్లీ అచ్చు వేశారు. కాని రోజువారీ చిల్లర మాత్రం బిళ్ళలకే మారిపోయింది.

విచిత్రమేమిటంటే రూపాయి నోటు పుట్టినదే బిళ్ళ కరవువలన. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో వెండి కొరత వచ్చి, వెండి రూపాయలు ముద్రించడము కష్టమై, 1917లో ఒక రూపాయి నోటు తెచ్చారు. అప్పుడు బిళ్ళకు బదులు కాగితము. 78 సంవత్సరాలు తిరగకముందే కాగితమునకు బదులు బిళ్ళ. లోహము కొరత అయితే కాగితము, కాగితము ఖర్చు అయితే లోహము. విలువ ఒక్కటే, వస్త్రము మారినది.

సంచి బరువెక్కినది. కర్రకు కట్టిన మా కానుక సంచి పాత వెల్వెట్టుది. బిళ్ళల బరువుకు అడుగు కుట్లు ఊడిపోతే స్త్రీల సమాజమువారు లోపల మందపాటి దుప్పటి గుడ్డ వేసి మళ్లీ కుట్టారు. బరువుతో పాటు మరొకటి వచ్చింది, చప్పుడు. నోటు సంచిలో పడితే ఎవరికీ వినబడదు. రూపాయి బిళ్ళ పడితే పక్కవారికి తెలుస్తుంది. కూలికి పోయే మా అక్కచెల్లెండ్రు కొందరు చేతిని సంచి అడుగువరకు పోనిచ్చి, చప్పుడు కాకుండా బిళ్ళను విడిచి, ఖాళీ గుప్పిలి పైకి తీయడము మేము చూశాము. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియవద్దని ప్రభువు చెప్పిన మాటను వారు నెరవేర్చుచున్నారని ఒకరన్నారు. అది కొంతవరకే నిజము. మిగిలినది సిగ్గు.

ఎందుకంటే నోటు బిళ్ళ అయ్యేసరికి జనుల కంటికి దాని విలువ తగ్గిపోయింది. శనివారం రెండు రూపాయల నోటు కానుక. ఆదివారం రెండు రూపాయల బిళ్ళ చిల్లర! రెండింటికీ కొట్టులో వచ్చే ఉప్పు పొట్లము ఒక్కటే. అయినను వీలున్నవారు బిళ్ళ వేయడానికి నామోషీపడి పదినోటుకు మారారు. అది మంచిదే, సంఘమునకు రాబడి పెరిగింది. వీలులేనివారు బిళ్ళ దగ్గరే ఉండిపోయారు. అంతకుముందు బల్లమీద బీదవారి నోటు, కలిగినవారి నోటు ఒక కట్టలో కలిసి ఉండేవి. ఇప్పుడు ఈ పక్క నోట్లు, ఆ పక్క బిళ్ళలు. బల్ల చూస్తేనే సంఘము రెండుగా కనిపించసాగింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నోటు వెనుక మన తెలుగు అక్షరములు ఉండేవి. అక్షరాలు కూడబలుక్కొని చదివే మా రాత్రిబడి పెద్దలు నోటుమీద రెండు రూపాయలు అన్న మాట చదివి సంతోషించేవారు. బిళ్ళమీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే. పైగా 1992 నుండి వచ్చిన స్టీలు రూపాయి చిన్నదై, అర్ధరూపాయికి దగ్గరగా కనిపించేది. చూపు మందగించిన ముసలివారు తడబడేవారు. 2007లో వచ్చిన బిళ్ళలమీద రూపాయికి బొటనవేలు, రెండు రూపాయలకు రెండు వ్రేళ్లు ముద్రించినప్పుడు మా సంఘములోని చదువురాని తల్లులు తేలికపడ్డారు. 2019లో ప్రకటించిన కొత్త వరుసలో చిన్న విలువనుండి పెద్ద విలువకు పోయేకొద్దీ సైజు, బరువు పెరిగేలా చేశారు. ఇరవై రూపాయల బిళ్ళకు పన్నెండు అంచులు పెట్టారు. చూపులేనివారు తడిమి గుర్తుపట్టడానికి ఇది మేలు.

బిస్కెట్ల డబ్బాలోని పాఠములు

ఇన్ని రకాల బిళ్ళలు చేతిలోనుండి పోతుంటే ఒక్కొక్కటి దాచాలని మాకు ఆశ పుట్టింది. దానికి మొదటినుండి ఒక నియమము పెట్టుకొన్నాము. కానుకల్లో కొత్తరకం బిళ్ళ కనబడితే, దాని విలువ మా జేబులోనుండి ముందు బల్లమీద పెట్టి, ఎదుట కూర్చున్న పెద్దకు చూపించి, ఆ తరువాతనే దానిని తీసుకొనుట. రకానికి ఒక్కటే, రెండవది తీసుకొనకూడదు. డబ్బును దాచుట వేరు, గుర్తును దాచుట వేరు. రెండవ బిళ్ళ దగ్గరనుండి మొదటిది మొదలవుతుంది.

ఆ బిస్కెట్ల డబ్బా మా ఊరి సండే స్కూలు పిల్లలకు ఇష్టమైన పుస్తకము. నలుపలకల అయిదు పైసలు, అంచు వంపుల పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు అందులో ఉన్నాయి. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియని ఆ అల్యూమినియం బిళ్ళలు చూసి పిల్లలు ఇది నిజంగా డబ్బేనా అని అడుగుతారు. పావలా, అంతకన్న చిన్న బిళ్ళలు 2011 జూన్ 30 తరువాత చెల్లుబాటు కాలేదని చెబుతాము. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చట్టప్రకారము చెల్లుతుందంటే పెద్దలు కూడా నమ్మరు.

ఏ బిళ్ళ ఎక్కడ పుట్టిందో చెప్పే ఆట పిల్లలకు మరీ ఇష్టము. సంవత్సరము అంకెల కింద చిన్న గుర్తు వెదకాలి. నక్షత్రము ఉంటే మన హైదరాబాదు టంకశాల. డైమండు ఆకారమైతే ముంబాయి. చుక్క అయితే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా. హైదరాబాదు టంకశాల నైజాము కాలములో 1803లో మొదలై, 1903లో సైఫాబాదుకు మారి, 1997లో చర్లపల్లికి తరలినది. గుప్పెడు చిల్లరలో మొదట నక్షత్రము కనిపెట్టిన పిల్లవానికి ఆ వారం వాక్యము చదివే అవకాశము.

డబ్బాలో అన్నిటికన్న పాతది మధ్యలో గుండ్రని రంధ్రము గల చిల్లు కాణీ. రెండవ ప్రపంచ యుద్ధకాలములో లోహము పొదుపు చేయడానికి 1943లో ఆ విధముగా ముద్రించారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు, అంటే రూపాయికి అరవైనాలుగు కాణీలు. మా అమ్మమ్మల కాలములో కాణీకి పిల్లవానికి చారెడు మరమరాలు వచ్చేవట.

ఈ లెక్క పిల్లలకు చెబుతుండగానే విధవరాలి సంగతి మాకు కొత్తగా అర్థమైనది. ప్రభువు దినములలో రోమా ప్రభుత్వపు వెండి నాణెము దేనారము. అది ఒక దినము కూలి అని మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానమువలన తెలుసుకొంటాము. దేనారమునకు పదహారు చిన్న నాణెములు, వాటిలో ఒక్కొక్కదానికి నాలుగు ఇంకా చిన్నవి. అంటే దేనారమునకు అరవైనాలుగు. సరిగా మన రూపాయి, అణా, కాణీ లెక్కే! విధవరాలు వేసిన రెండు చిన్న నాణెములు కలిపితే ఆ అరవైనాలుగింటిలో ఒకటి అని మార్కు గ్రీకులో స్పష్టముగా వ్రాశాడు. అంటే ఆమె వేసినది రెండు కలిపి మన పాత లెక్కలో ఒక్క కాణీ.

కూలి లెక్కలో చూద్దాము. పగటికి పన్నెండు గంటలు గనుక, దినపు కూలిలో అరవైనాలుగవ వంతు అంటే సుమారు పదకొండు నిమిషముల పనికి వచ్చే డబ్బు. నేడు దినకూలి నాలుగు వందల రూపాయలనుకొంటే ఆరు రూపాయల పావలా. ఇప్పుడు మన సంఘములో ఎవరైనా అయిదు రూపాయల బిళ్ళ ఒకటి, రూపాయి బిళ్ళ ఒకటి వేస్తే ఎంతో, ఆ తల్లి వేసినది సుమారు అంత. దానినే ప్రభువు అందరికన్న ఎక్కువ అని చెప్పెను. ఆమెకు రెండు నాణెములు ఉన్నందున ఒకటి వేసి ఒకటి ఇంటికి తీసుకొనిపోవచ్చును. నోటు అయితే ఆ వీలులేదు. చిల్లర గనుక వీలున్నది. అయినను ఆమె రెండూ వేసెను. చిల్లరలో ఇంత వాక్యమున్నదని బల్లదగ్గర కూర్చొనకపోతే మాకు తెలియకపోవును.

డబ్బాలోని మరొక బిళ్ళను గురించి పెద్దలు అడుగుతుంటారు. 2006 ప్రాంతములో వచ్చిన రెండు రూపాయల బిళ్ళమీద రెండు గీతలు అడ్డముగా కలిసి సిలువ వలె కనబడతాయి. దానిని గురించి అప్పట్లో వివాదము లేచినది. అది భిన్నత్వములో ఏకత్వమునకు గుర్తు అని అధికారులు చెప్పారు. 2007లో ఆ బొమ్మ పోయి వ్రేళ్ల బొమ్మ వచ్చింది. మన సిలువ బిళ్ళమీద ఉన్నదని అతిశయపడనక్కరలేదు, పోయినదని దుఃఖపడనక్కరలేదు. పన్ను నాణెమును చూపించినప్పుడు ప్రభువు దానిమీది రూపము ఎవరిదని మాత్రమే అడిగి, కైసరుది కైసరునకే ఇమ్మనెను. దేవుని రూపము లోహముమీద లేదు. ఆదికాండము 1వ అధ్యాయము ప్రకారము అది మనుష్యునిమీద ఉన్నది.

చెల్లని బిళ్ళ, చెల్లని మనిషి

ఈ మాట 2017లో మా ఊళ్లోనే పరీక్షకు వచ్చింది. అంతకుముందు సంవత్సరం నవంబరు 8న అయిదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు రద్దయిన సంగతి మీకు జ్ఞాపకమే. ఆ భయము జనులలో ఇంకా ఉన్నది. అదే సమయములో పది రూపాయల బిళ్ళలు దొంగవని పుకారు లేచినది. బిళ్ళమీద పది గీతలుంటే మంచిదట, పదిహేను ఉంటే దొంగదట. రూపాయి గుర్తు లేకపోతే చెల్లదట. నిజమేమంటే ఆ బిళ్ళను వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరు బొమ్మలతో ముద్రించారు. రూపాయి గుర్తు 2010లోనే నిర్ణయమైనది గనుక అంతకుముందు ముద్రించినవాటిమీద అది ఉండదు. ఈ సంగతి తెలియక కొట్టువాడు తీసుకోడు, కొట్టువాడు తీసుకోడని ఆటోవాడు తీసుకోడు, ఆటోవాడు తీసుకోడని కూరలవాడు తీసుకోడు.

మా సంఘములో ఆకుకూరలు అమ్ముకొనే ఒక ముసలితల్లి ఉన్నది. అందరూ మామ్మ అంటారు. ఒక సాయంత్రం గంప మా అరుగుమీద దింపి, కొంగు ముడి విప్పి, పది రూపాయల బిళ్ళలు నలభైమూడు పోసింది.

“ఇయ్యి చెల్లవంట గదా నాయనా. ఇచ్చేటప్పుడు అందరూ ఇచ్చారు. తీసుకునేటప్పుడు ఒక్కడూ తీసుకోడం లేదు” అన్నది.

“చెల్లుతాయి మామ్మా. ఎవరు చెప్పారు నీకు?”

“తోటకాడ కట్టలిచ్చే ఆయన ఎనిమిది రూపాయల లెక్కన అయితే తీసుకుంటానన్నాడు. ఇచ్చేద్దునా అమ్మాయ్? మందుబిళ్ళలు అయిపోయి మూడు రోజులైంది.”

నాలుగు వందల ముప్పై రూపాయలకు మూడు వందల నలభైనాలుగు. ఎనభైయారు రూపాయలు ఆమె చేతిలోనుండి ఊరకనే పోతున్నవి. ఎండలో గంప మోసి వీధులు తిరిగితే వచ్చిన లాభము అది. ఆమె ఇంకొక మాట అన్నది. “ఎవరూ తీసుకోకపోతే ఆదివారం సంచిలో ఏసేద్దామనుకున్నా గాని, చెల్లనిది దేవుడికి ఎట్టా ఏస్తాను?”

ఆ మాటకు మేము చాలాసేపు జవాబు చెప్పలేకపోయాము. ఊరిలో అధికారులు, వ్యాపారులు, చదువుకొన్నవారు ఇంతమంది ఉండగా, చెల్లనిది దేవునికి ఇవ్వకూడదన్న భయము ఆమెకే ఉన్నది. ఆ రాత్రే నలభైమూడు బిళ్ళలకు నాలుగు వందల ముప్పై రూపాయల నోట్లు ఇచ్చి ఆమెను మందుల కొట్టుకు పంపాము. మరునాడు ఆ బిళ్ళలను బ్యాంకుకు తీసుకొనిపోయాము. అక్కడ కిటికీలోని అతను మొదట తలూపలేదు. నూరేసి చొప్పున లెక్కపెట్టి సంచులలో కట్టి తెస్తే చూస్తామన్నాడు. పై అధికారిని అడిగితే, బిళ్ళలు తీసుకోమని రిజర్వు బ్యాంకు ఉత్తరువు ఉన్నమాట నిజమేనని ఒప్పుకొని జమ వేయించాడు.

ఆ వారం సంఘ కమిటీలో ఈ సంగతి పెట్టాము. బ్యాంకులో జమ అయింది గదా, ఇక మనకెందుకు అని ఒక పెద్ద అన్నారు. అప్పుడు మా పాస్టరుగారు బైబిలు తెరచి, దేవాలయములో రూకలు మార్చువారి బల్లలను ప్రభువు ఎందుకు పడద్రోసెనో ఆలోచించండి అన్నారు. దేవాలయపు పన్నుకు ప్రత్యేకమైన వెండి నాణెమే కావలెను. బీదవాని చేతిలోని డబ్బును ఆ నాణెముగా మార్చడానికి వారు వర్తకము తీసుకొనేవారు. డబ్బు మార్చడము పాపము కాదు. మార్చక తప్పని బీదవాని అవసరముమీద లాభము తీయడము ప్రభువుకు కోపము తెప్పించింది. ఎనిమిది రూపాయల లెక్కకూ ఆ బల్లకూ తేడా ఏమున్నదని ఆయన అడిగితే కమిటీలో ఎవరూ మాట్లాడలేదు.

చివరకు మూడు తీర్మానాలు జరిగాయి. ఒకటి: ఆరాధనలో ప్రకటనల వేళ పది రూపాయల బిళ్ళలన్నీ చెల్లుతాయని ప్రతి ఆదివారము చెప్పుట. రెండు: ఆరాధన తరువాత గుడి వరండాలో ఒక బల్ల వేసి, ఎవరు చిల్లర తెచ్చినా, ఏ మతస్థులైనా, పూర్తి విలువకు నోట్లు ఇచ్చుట. మూడు: ఆ చిల్లరను మా సంఘములోనే కొట్లు ఉన్న ఇద్దరు విశ్వాసులు పూర్తి విలువకు తీసుకొని, తమ కొట్టులో బయటకు ఇచ్చుట. ఈ మూడవదే కష్టము. మొదటి వారం ఆ ఇద్దరూ భయపడ్డారు. అయితే కొట్టువాడే బిళ్ళ ఇచ్చి, మళ్లీ అదే బిళ్ళ వస్తే తీసుకొంటుంటే, పక్క కొట్టువాడు ఎంతకాలము కాదంటాడు? మూడు నాలుగు నెలలలో మా వీధిలో ఆ గొడవ సద్దుమణిగింది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు వారే పది రూపాయల బిళ్ళలు పద్నాలుగు రకాలున్నాయని, అన్నీ చెల్లుతాయని ప్రకటన ఇచ్చారు. పాస్టరుగారు దానిని ఆరాధనలో చదివించారు. మామ్మ ముందు వరుసలో కూర్చొని విన్నది. ఆ దినమున ఆమె బిళ్ళ సంచిలో పడినప్పుడు మాకు చప్పుడు వినబడింది.

నాణెము చెల్లదంటే అది లోహము, దానికి బాధ లేదు. దానిని పట్టుకొని నిలబడిన మనిషికి నీవు చెల్లవు అన్నట్టు ఉంటుంది. కైసరు రూపమును కాదన్నందుకు దేవుని రూపము గాయపడుతుంది. అందుకే ఇది బ్యాంకు సంగతి మాత్రమే కాదు, విశ్వాసుల సంగతి కూడా.

మన ఇండ్లలో చేయదగినవి

ఇప్పుడు కాలము మళ్లీ మారింది. మా గుడి గుమ్మము దగ్గర కూడా ఫోనుతో కానుక పంపే గళ్ల గుర్తు అట్టమీద అంటించారు. పట్నములో ఉద్యోగము చేసే పిల్లలు అక్కడనుండే పంపుతున్నారు, దేవునికి స్తోత్రము. బల్లమీద నోట్లు తగ్గాయి. మిగిలినవి మళ్లీ బిళ్ళలే, ఫోను లేనివారివి, ముసలివారివి, పిల్లలవి. వారి కానుక కనబడకుండా పోకూడదని మా ప్రార్థన. కొన్ని సంగతులు మనవి చేస్తాము.

మీ పిల్లల చేతికి ప్రతి ఆదివారము ఒక బిళ్ళ ఇవ్వండి. తండ్రి ఫోనులో నొక్కిన కానుకను పిల్లవాడు చూడడు. తన గుప్పిట్లో గుడివరకు మోసిన బిళ్ళను మరచిపోడు.

ఇంట్లో డిబ్బీ ఉంటే సంవత్సరాల తరబడి నింపి దాచవద్దు. శ్రమకాలపు డిబ్బీలను ఈస్టరుకు పగలగొట్టినట్టే, మిగిలిన చిల్లరను కూడా మూడు నెలలకొకసారి బయటకు తీయండి. మన ఇంట్లో కునుకు తీసే చిల్లర బజారులో మరొకరికి కరవు. లూకా 15వ అధ్యాయములోని స్త్రీ పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లు ఊడ్చెను. మన ఇంట్లో నాణెములు పోలేదు, నిద్రపోతున్నవి.

రూపాయి, అంతకు పైబడిన బిళ్ళలు ఒకసారి వెయ్యి రూపాయల వరకు చట్టప్రకారము చెల్లుబాటు అని 2011 నాణెముల చట్టము చెబుతున్నది. అర్ధరూపాయలు పది రూపాయల వరకు. ఈ సంగతి మీ ఊరి పొదుపు సంఘములో, స్త్రీల కూడికలో చెప్పండి. పుకారు నమ్మి ఎవరైనా తక్కువకు అమ్ముకొంటే అడ్డుపడండి.

దాచుకోవాలని ఆశ ఉంటే రకానికి ఒక్కటి దాచండి. పిల్లలకు చూపించండి. అంతకుమించినది తిరగనివ్వండి. నాణెము తిరిగితేనే నాణెము.

లెక్కపెట్టే పనిలో ఉన్న సహోదర సహోదరీలారా, బిళ్ళల కుప్పను చివరకు విడిచిపెట్టి ఆదరాబాదరాగా లెక్కవేయవద్దు. ముందు దానినే లెక్కపెట్టండి. మా బల్లదగ్గర కొన్ని సంవత్సరాలుగా ఆ పద్ధతే నడుస్తున్నది. పుస్తకములో మొదటి గీత చిల్లరది, నోట్లు దాని కింద. మొత్తము ఏ విధముగా వ్రాసినా ఒక్కటే వస్తుంది. అయినను ప్రభువు ఏ కుప్పను ముందు చూచెనో తెలిసినవారము గనుక మేము ఆ వరుసనే వ్రాస్తున్నాము. ఆ చిన్నవాటిని తెచ్చే చేతులను ఆయన ఆశీర్వదించునుగాక. ఆమేన్.